ఒకే ఇంట్లో రెండు షుగర్లు

చిన్నమ్మకూ, ఆమె భర్త బక్కయ్యకూ షుగరు ఉందని ఒకే రోజు బయటపడింది.

వాళ్ళది ఆత్మకూరుకు ఆటోలో పోయేంత దూరంలో ఉన్న ఊరు. ఆ పొద్దున పల్లె దవాఖాన నర్సు సౌందర్య బడి వరండాలో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ వేలికొసల్లో సూది గుచ్చి నెత్తురు చూస్తోంది. నాట్లకు పోతున్న చిన్నమ్మ దారిలో ఆగి చెయ్యి చాపింది. బక్కయ్య అప్పటికే అక్కడ కుర్చీలో ఉన్నాడు. ఊళ్ళో ఏ పని జరిగినా కుర్చీ వేసుకుని కూర్చుని నలుగురినీ పిలవడం ఆయన అలవాటు. "అందర్ని పిలుస్తున్నవ్, నువ్వు చూపించుకోవా?" అని ఎవరో అంటే నవ్వుతూ వేలు ఇచ్చాడు. చిన్నమ్మకు షుగరు కొంచెం ఎక్కువ ఉంది. బక్కయ్యకు మాత్రం మిషను చూసి సౌందర్య ఇంకోసారి గుచ్చి చూసేంత ఉంది.

ఆమె దగ్గరికి జరిగి మెల్లగా చెప్పింది. బక్కయ్య మెల్లగా మాట్లాడలేదు.

"నీ మిషిని ఖరాబైనట్టుంది మేడం. కొత్తది తెప్పియ్యమను," అని అందరికీ వినపడేట్టు అని లేచి వెళ్ళిపోయాడు.

చిన్నమ్మ ఆ సాయంత్రమే పల్లె దవాఖానకు వెళ్ళింది. "ఈ రోగం ఎప్పుడు పోతది మేడం?" అని అడిగింది.

"పోదక్కా, ఉంటది. కానీ మనం గట్టిగ పట్టుకుంటె మనం చెప్పినట్టు ఇంటది. గోలీలు నేనిస్త. చూస్కునుడు మాత్రం నువ్వే చూస్కోవాలె. నేనొచ్చి నీ ఇంట్ల కూసోను గద."

తను చెప్పినట్టు వినేది ఒకటుంటుందనే మాట చిన్నమ్మకు కొత్తగా తోచింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె మాట విన్నవి బర్రెలు మాత్రమే. ఏ పంట వెయ్యాలో, ఏ ఎద్దును అమ్మాలో బక్కయ్యా, కొడుకు శివా మాట్లాడుకుని తర్వాత ఆమెకు చెప్పేవాళ్ళు. ఒక్కోసారి చెప్పేవాళ్ళూ కాదు.

కొత్త పంట పని నేర్చుకున్నట్టే ఆమె షుగరు పని నేర్చుకుంది. పళ్ళెంలో అన్నం తగ్గించి ఆకుకూర పెంచింది. రాత్రికి జొన్నరొట్టె చేసుకునేది. చక్కెర లేని చాయ మొదట్లో మందు తాగినట్టు ఉండేది, తర్వాత అదే అలవాటైంది. చెప్పులు లేకుండా చేనులో అడుగు పెట్టడం మానేసింది. సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక గడప మీద కూర్చుని అరికాళ్ళను అద్దంలో చూసుకునేది. అది మొదటిసారి చూసిన రోజు కోడలు పూజకు నవ్వాగలేదు.

"మొగం చూస్కునే అద్దంల కాళ్ళు చూస్కుంటున్నవేంది అత్తమ్మా?"

"మొగానికేమన్న అయితే నలుగురు జెప్తరు బిడ్డా. కాళ్ళకైతే ఎవరు జెప్తరు?"

తెల్లవారి చెరువుకట్ట దాకా నడిచేది. తోడుగా జాహెదా వచ్చేది. జాహెదా పక్క వీధిలో ఇంటి ముందర మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమెకు బీపీ. ఇద్దరూ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని జోరుగా నడుస్తుంటే ట్రాక్టరు మీద పోయే పిల్లలు ఈలలు వేసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఈలలు ఆగిపోయాయి. నడిచే ఆడవాళ్ళు ఇంకా కొందరు చేరారు. మూణ్ణెల్ల పరీక్షలో చిన్నమ్మ షుగరు అదుపులోకి వచ్చిందని తేలింది. అప్పటినుంచి సౌందర్య మీటింగు పెట్టినప్పుడల్లా ఆమెను నిలబెట్టి, "చిన్నమ్మక్క ఎట్ల చేసిందో అడుగుండ్రి," అనేది. చిన్నమ్మ సిగ్గుపడుతూనే చెప్పేది. ఆడవాళ్ళు వినేవాళ్ళు. మగవాళ్ళు ఆ మీటింగులకు రారు.

బక్కయ్య కూడా మొదట గోలీలు వేసుకున్నాడు. అది ఊళ్ళో ఎవరికీ తెలియదు. చిన్నమ్మ పొద్దున్నే నీళ్ళ చెంబుతో పాటు సౌందర్య ఇచ్చి పంపిన గోలీ అరచేతిలో పెడితే, వాకిలి వైపు చూసి నోట్లో వేసుకునేవాడు. కానీ ఆ గోలీకి ఆయన కడుపు పాడయ్యేది. ఒకసారి ఎవరో అన్నదమ్ముల పొలం గట్టు పంచాయితీలో మాట మధ్యలో లేచి చేన్లోకి పరుగెత్తాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఒక కుర్రాడు మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం కుదిర్చేటప్పుడు బక్కయ్య మాట అంటే మాట. అమ్మేవాడూ కొనేవాడూ ఆయన తువ్వాల కింద చేతులు కలిపి ఒప్పుకునేవాళ్ళు. అట్లాంటి మనిషి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. మర్నాటి నుంచి గోలీ వేసుకోలేదు.

చిన్నమ్మ ఆ సంగతి సౌందర్యకు చెప్పింది. సౌందర్య మంచి మనసుతోనే ఇంటికి వచ్చింది. "మామా, కడుపు పాడైతె వేరే గోలీ ఉన్నది, డాక్టర్ సారుతోని మాట్లాడి మారుస్త," అంది. బక్కయ్య ఆమె ముందర తలూపాడు. ఆమె పోయాక చెంబు విసిరికొట్టాడు.

"నా కడుపు సంగతి ఊరంత జెప్తున్నవా? దవాఖానోళ్ళకు జెప్పనీకి నువ్వెవరే?"

"మేడంకు ఒక్కదానికే జెప్పిన. నీ మంచికే..."

"నీ రోగం నువ్వు జూస్కో. నా దిక్కు రాకు."

ఆ వారమే పెబ్బేరు సంతలో చెట్లమందు అమ్మే ఒకాయన, షుగరు వేళ్ళతో సహా పీకేస్తానని చెప్పి ఆకుపచ్చ పొడి ఇచ్చాడు. అది వేసుకున్నాక ఏం తిన్నా ఫరవాలేదన్నాడు. బక్కయ్యకు కావలసిన మాట అదే. పొడి వేసుకుని కడుపు నిండా అన్నం తినేవాడు, కల్లు తాగేవాడు, ఫంక్షన్లలో రెండోసారి వడ్డించుకునేవాడు.

చిన్నమ్మ ఒకటి రెండుసార్లు ఆయనకూ జొన్నరొట్టె పెట్టింది. ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. సరిగ్గా అప్పుడే ఆయన అక్క కుర్మమ్మ వచ్చింది. కుర్మమ్మ అదే వీధిలో ఉంటుంది. చిన్నప్పుడే తల్లి పోతే బక్కయ్యను ఆమే ఎత్తుకుని పెంచింది. భర్త పోయి పుట్టింటి ఊరికి తిరిగి వచ్చినప్పటినుంచి తమ్ముడే ఆమెకు లోకం.

"ఏమే చిన్నమ్మా, మా తమ్మునికి అన్నం గూడ కరువైందా? సన్నబియ్యం ఇంట్ల పెట్టుకోని రొట్టె పెడ్తవా?"

"షుగరున్నది గద వదినే..."

"నీకున్నది. నీది మావోనికెందుకు అంటిస్తవు?"

శివ కూడా అదే మాట అన్నాడు. అతను వరికోత మిషను నడుపుతాడు, కోతల కాలంలో ఇంట్లో ఉండేదే తక్కువ. "నాయినకు ఏమిష్టమైతే అదే పెట్టమ్మా. రోజు గీ లొల్లి ఎందుకు?" అన్నాడు. అప్పటి నుంచి చిన్నమ్మ రెండు వంటలు చేసింది. తనకు విడిగా, మిగిలిన ముగ్గురికీ విడిగా. ఎవరితో చెప్పినా ఒకటే జవాబు వస్తుంటే ఇంకెవరితో చెబుతుంది?

పత్తి చేను దున్నడానికి ముందు బక్కయ్య చెప్పులు గట్టు మీద విడిచి మొదళ్ళు చూడటానికి చేనులోకి దిగాడు. ఎండిన పత్తి మొదలు ఒకటి కుడి అరికాల్లో దిగింది. ఆయనకు నొప్పి తెలియలేదు. షుగరు అప్పటికే కాళ్ళ స్పర్శను తినేసింది. రక్తం చూసి, మట్టి అద్ది, చెప్పులు తొడుక్కుని వచ్చాడు. నొప్పి లేదు కాబట్టి అది గాయం కాదని అనుకున్నాడు.

చిన్నమ్మకు వాసన వల్ల తెలిసింది. మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని ఉంటే, ఎలుక చచ్చిందేమో అని మంచం కింద వెతికింది. ఏమీ లేదు. లేస్తూ ఆయన అరికాలు చూసింది. చుట్టూ తెల్లగా ఉబ్బి, నడుమ నల్లగా ఉంది. ఆమె ఆ కాలు పట్టుకోగానే ఆయన లేచాడు.

"ఇడువు!"

"శివ వాళ్ళ నాయినా, జర చూడు నువ్వే. నీ కాలు నువ్వే చూడు. అద్దం దెస్త."

"నీ అద్దం తెస్తే పలగ్గొడ్త."

శివకు ఫోను చేసింది. ఇంకో ఊళ్ళో కోత నడుస్తోందని, అది కాగానే వస్తానని అన్నాడు. సౌందర్యను పిలుచుకొచ్చింది. సౌందర్య గాయం కడిగి కట్టు కట్టి, "మామా, ఇయ్యాలనే వనపర్తికి పోవాలె. రేపంటె కాలు ఉండదు," అని ఉన్నమాట చెప్పింది. బక్కయ్య సరేనన్నాడు. ఆమె బండి మలుపు తిరగ్గానే ఖద్దరు చొక్కా వేసుకుని కొత్తకోట దిక్కు పెళ్ళికి వెళ్ళిపోయాడు. చిన్నమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. ఆయన ఆమెను భుజంతో తోసుకుని పోయాడు. ఆ తోపులాట కుర్మమ్మ తన అరుగు మీద నుంచి చూసింది.

జ్వరంతో తిరిగి వచ్చాడు. శివ వచ్చేసరికి ఒళ్ళు తెలియడం లేదు. వనపర్తిలో పెద్ద దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు. తీయకపోతే మనిషే దక్కడని డాక్టరు చెప్పాడు, శివ సంతకం పెట్టాడు.

ఆపరేషను అయిన తర్వాత ఆ డాక్టరు చుట్టాలందర్నీ వార్డు బయట నిలబెట్టి మాట్లాడాడు. చిన్న వయసువాడు, ఓపిక ఉన్నవాడు. ఇంట్లో ఇంకెవరికైనా షుగరు ఉందా అని అడిగితే చిన్నమ్మ తనకుందని చెప్పింది. ఆమెకు కూడా పరీక్ష రాశాడు. కాగితం వచ్చాక దాన్ని అందరికీ చూపించాడు.

"చూడండమ్మా, ఈమెకు షుగర్ ఎంత చక్కగా ఉందో. అదే ఇల్లు, అదే వంట. జబ్బు కూడా అదే. ఈమె తనని తాను చూసుకుంది, ఆయన చూసుకోలేదు. అంతే తేడా. మీరందరూ ఈమెను చూసి నేర్చుకోవాలి."

తనను ఒక డాక్టరు నలుగురిలో మెచ్చుకోవడం చిన్నమ్మ బతుకులో అదే మొదలు. కానీ ఆ మాటలు పూర్తి కాకముందే ఆమెకు కుర్మమ్మ ముఖం కనిపించింది.

"ఒకటే వంట కాదు సారూ," అంది కుర్మమ్మ. "రెండు వంటలు. దానిది దానికి సపరేటు. మా తమ్మునిది సపరేటు. అది మంచిగ తిన్నది, మంచిగున్నది. మా తమ్మునికేం పెట్టిందో మాకేం తెల్సు?"

డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదో, లేక ఇంకో రోగి పిలిచాడో, అవతలికి వెళ్ళిపోయాడు. కారిడారులో చుట్టాలు చిన్నమ్మ వైపు చూశారు. శివ కూడా చూశాడు. రెండు వంటలు ఎవరి మాటతో మొదలయ్యాయో అతనికి తెలుసు. నోరు విప్పలేదు.

బక్కయ్య ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్ళు బారులు తీరారు. మంచం ముందర గదిలో వేశారు. పొద్దునా సాయంత్రం తిండికి ముందు ఇన్సులిన్ సూది వెయ్యాలి. అది చిన్నమ్మే నేర్చుకుంది, చిన్నమ్మే వేసేది. పుండు కట్టు మార్చేది, మిగిలిన కాలు రోజూ కడిగి వేళ్ళ సందులు తుడిచేది. వంటింట్లో ఉంటే ముందు గది మాటలు వినపడేవి.

"ఎట్లయిందే బక్కయ్యా గిట్ల?"

"ఏం జెప్పాలె. మనకు చూసెటోళ్ళెవరు? దాని పాణం అది మంచిగ చూస్కున్నది."

ఆ మాట ఆయన మొదట ఒకరితో అన్నాడు. అందులో జాలి దొరికింది. తర్వాత వచ్చిన ప్రతి మనిషితోనూ అన్నాడు. వచ్చినవాళ్ళు పోతూ పోతూ వంటింటి గుమ్మంలోకి తొంగి చూసేవాళ్ళు. చెరువుకట్టకు నడవడానికి వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. మగని కాలు పోయినా తన నడక మానని మనిషి పక్కన నడిస్తే తమ ఇంట్లో ఏమంటారో వాళ్ళకు తెలుసు. జాహెదా ఒక్కతే మిగిలింది.

ఒక పొద్దున చిన్నమ్మ సూది వేసి జొన్నరవ్వతో వండిన గటక, పప్పు తెచ్చి పెట్టింది. అంతలో సంత దోస్తులు వచ్చారు. వాళ్ళ ముందర గటక తినడం బక్కయ్యకు నామోషీ. "ఇప్పుడొద్దు, తీస్కపో," అన్నాడు.

"సూది వేసిన గద. తినకుంటె కష్టం."

"తీస్కపో అంటిని గద!"

దోస్తులు ఎడ్ల ధరలు మాట్లాడుతూ చాలాసేపు కూర్చున్నారు. వాళ్ళు పోయాక చిన్నమ్మ వచ్చి చూస్తే బక్కయ్య ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఎవరినో పేరు పెట్టి తిడుతున్నాడు, ఆ మనిషి అక్కడ లేడు. షుగరు పడిపోతే ఎట్లా ఉంటుందో సౌందర్య చెప్పింది చిన్నమ్మకు గుర్తుంది. వంటింట్లోకి ఉరికి గ్లాసు నీళ్ళలో చక్కెర గుప్పెడు కలిపి తెచ్చింది. ఆయన మూతి తిప్పుకుంటుంటే తల ఒడిసి పట్టుకుని, గుటక వేసేదాకా కొద్దికొద్దిగా పోసింది. అడుగున కరగని చక్కెరను వేలితో తీసి చిగుళ్ళకు రాసింది.

కుర్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యో, చక్కెర పెడ్తున్నదిరో! షుగరున్నోనికి చక్కెర పెడ్తున్నది! మా తమ్ముని పాణం తీస్తున్నదిరో!"

వీధి వీధంతా వచ్చింది. చిన్నమ్మ గ్లాసు వదల్లేదు. ఎవరో ఆమె చెయ్యి పట్టి లాగారు. ఆ గుంపులో జాహెదా ఒక్కతే, "ఇడువుండ్రి, షుగర్ డౌనైతె చక్కెరనే పెట్టాలె, దవాఖాన మేడం నా ముందర్నే జెప్పింది," అని అరిచింది. ఎవరూ వినలేదు. కాసేపటికి బక్కయ్య చెమట ఆరింది, చూపు నిలబడింది. మంచం చుట్టూ ఉన్న జనాన్ని చూసి, "ఏమైంది?" అన్నాడు.

"నీ పెండ్లాం నీకు చక్కెర తాపుతున్నది తమ్మీ. నేను రాకుంటె పోయెటోనివి," అంది కుర్మమ్మ.

చిన్నమ్మ భర్త వైపు చూసింది. "జెప్పు. సూది వేసినంక తిను తిను అని నేననలేదా?"

బక్కయ్య ఇంటికప్పు వైపు చూశాడు. "నాకు తెలివి లేకుండె. నేనేం జూసిన?"

సాయంత్రం శివ వచ్చాడు. సౌందర్య వచ్చి అతన్ని కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. మీ అమ్మ ఆ పని చెయ్యకపోతే మీ నాయన ఈ పాటికి లేడని కూడా చెప్పింది. శివ తలూపాడు. తల్లితో, "సరే అమ్మా, అయిందేదో అయింది," అన్నాడు. వీధిలోకి పోయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఊళ్ళో నిలబడిపోయింది కుర్మమ్మ కేకే.

రెండు రోజులు పోయాక, మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. పూజ పుట్టింటికి పోయింది. చిన్నమ్మ ఆయన మిగిలిన కాలికి నూనె రాస్తోంది. ఉన్నట్టుండి బక్కయ్య అన్నాడు.

"నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"నువ్వు జెప్పినవ్. గోలీ కాడ్నుంచి జెప్పినవ్. కాలు జూడుమన్నవ్. వాకిట్ల అడ్డం నిలవడ్డవ్. నేనే ఇనలే. చక్కెర సంగతి గూడ తెల్సు. నీళ్ళు పోస్తుంటె నాకు తెలివున్నది."

చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. ఎన్నో నెలలుగా ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. సంతోషం రాలేదు, కళ్ళ నీళ్ళు మాత్రం వచ్చాయి.

"మరి ఆ మాట నలుగుర్ల జెప్పు. మీ అక్క ముందర జెప్పు. గంతే. ఇంకేం వద్దు నాకు."

ఆయన తెగిన కాలి మీదికి పంచె లాక్కున్నాడు.

"జెప్తె నాకేముంటది?" అన్నాడు. "కాలు పాయె. సంత పాయె. ఇంత దినం నా మాట మీద బతికిన. నా కాలు నేనే పోగొట్టుకున్న, పెండ్లాం జెప్తె ఇనలే అని జెప్తె నన్నెవడు మనిషంటడు? నిన్నంటె ఏముంది, ఆడిదానివి. పడ్తవ్."

చిన్నమ్మ నూనె గిన్నెకు మూత పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపలికి పోయి ఫ్రిజ్జులోంచి ఇన్సులిన్ సీసా, కొత్త సూది తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"ఇంకో జామైతె సూది యాల్లయితది. నీది నువ్వే వేస్కో."

"నాకేం తెల్సు?"

"నాకు మాత్రం పుట్టంగనే తెల్సా? నేను జెప్త. చెయ్యి నాది కాదు, నీది."

ఆయన తిట్టాడు. శివను పిలవమన్నాడు. శివ కోతలకు పోయాడు. కుర్మమ్మను పిలవమన్నాడు. "పిలుస్త, ఆమెతోనే వేయించుకో," అంది చిన్నమ్మ. సూది వేళకు కుర్మమ్మ వచ్చింది, సూది చూసి చేతులు వెనక్కి తీసుకుంది. చిన్నమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని చెబుతూ పోయింది. సీసా అరచేతుల్లో దొర్లియ్యి. మూత తుడువు. గాలి పోనీ. గీత దాకా గుంజు. కడుపు మీద తోలు పట్టు. ఒక సూది వంకరపోయింది. ఇంకోటి అందించింది కానీ తన చెయ్యి కలపలేదు. ఆయన కళ్ళు మూసుకుని పొడుచుకున్నాడు. కుర్మమ్మ ఏడుస్తూ బయటికి పోయి, చిన్నమ్మ మగనికి సూది కూడా వెయ్యడం లేదని వీధిలో చెప్పింది.

పంతం బక్కయ్యకు పుట్టుకతోనే ఉంది. ఇన్నాళ్ళూ ఆ పంతం రోగానికి పనికొచ్చింది, ఇప్పుడు మందుకు పనికొచ్చింది. ఆమె చెయ్యి అక్కర్లేకుండా బతికి చూపిస్తానని తన సూది తనే వేసుకున్నాడు. వేలు గుచ్చి చూసే మిషను శివతో తెప్పించుకున్నాడు. మిగిలిన కాలును అద్దంలో చూసుకోవడం మొదలుపెట్టాడు. తనకూ రొట్టే కావాలన్నాడు. ఇంట్లో అందరూ రొట్టే తినాలని హుకుం వేశాడు. పూజ పళ్ళెంలో రొట్టె పెట్టుకుంది. కుర్మమ్మ కూడా, "మా తమ్ముడు ఎంత నేమంగ ఉంటుండో," అని రొట్టె తిన్నది. అదే రొట్టె.

పుండు మానింది. పెట్టుడు కాలు వచ్చింది. వనపర్తి డాక్టరు షుగరు చూసి ఆయన భుజం తట్టాడు. "ఎట్లా సాధించావయ్యా?" అని అడిగాడు.

"నా అంతట నేనే నేర్సుకున్న సారూ. ఇంట్ల చెయ్యి పెట్టెటోళ్ళు గూడ లేకుండె."

చిన్నమ్మ ఆ పక్కనే చీటీలు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన చెప్పిన రెండో మాట అబద్ధం కాదు. ఆమె చెయ్యి పెట్టలేదు.

ఎండలు ముదరకముందే సౌందర్య ఊళ్ళో మళ్ళీ షుగరు మీటింగు పెట్టింది. ఈసారి మాట్లాడటానికి బక్కయ్యను పిలిచింది. ఆయన పెట్టుడు కాలు మీద నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మగవాళ్ళు వచ్చారు. పంచాయితీల్లో ఆయన మాట విన్నవాళ్ళు, పెబ్బేరు సంతలో ఆయనతో తిరిగినవాళ్ళు, గట్టు పంచాయితీలో నవ్విన కుర్రాడి తండ్రి కూడా వచ్చాడు. బక్కయ్య బాగా మాట్లాడాడు. పంచె పైకి లాగి కాలు చూపించాడు. పొడులు నమ్మొద్దన్నాడు. గోలీలు మానొద్దన్నాడు. రోజూ అరికాలు చూసుకొమ్మన్నాడు.

"ఎవరి మీద ఆశ పెట్టుకోకుండ్రి," అన్నాడు. "ఇంట్లోళ్ళు వాళ్ళ పాణం చూస్కుంటరు. మన పాణం మనమే చూస్కోవాలె. నన్ను జూసి నేర్సుకోండ్రి."

కొందరు నవ్వారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న చిన్నమ్మను కొందరు చూశారు. మగవాళ్ళు వరసగా లేచి సౌందర్య బల్ల దగ్గరకు పోయి వేళ్ళు చాపారు. అంతమంది మగవాళ్ళు ఒక్కసారి రావడం సౌందర్య ఉద్యోగంలో చూడలేదు. గోలీలు ఇచ్చేటప్పుడు ఆమె చిన్నమ్మ కళ్ళలోకి చూడలేకపోయింది.

"ఏమనుకోకక్కా. ఆయన జెప్తేనే మొగోళ్ళొస్తుండ్రు. నువ్వు జెప్పినన్ని దినాలు ఒక్కడు రాలే."

"రానియ్యి మేడం. నా గోలీలియ్యి, పోత."

బయట జాహెదా మండిపడుతూ నిలబడి ఉంది. "నువ్వెందుకు లేసి జెప్పలే? నేను లేస్త అంటె నా చెయ్యెందుకు పట్టుకున్నవ్? అంత అబద్దం జెప్తుంటె ఊకుంటవా?"

"లేసి జెప్తె ఏమైతుండె? అందరు నన్ను తిట్టుకుంట ఇండ్లకు పోదురు. ఒక్కడు గూడ వేలు సాపకపోతుండె."

"అంటె వాళ్ళ కాళ్ళ కోసం ఊకున్నవా?"

చిన్నమ్మ బల్ల ముందర వరస వైపు చూసింది.

"కాదు జాహెదా. అంత మంచిదాన్నేం గాదు నేను. ఆ వరసల నిలవడ్డోళ్ళల్ల ఎవ్వని కాలు పోయినా నాకిప్పుడు ఏడుపు రాదు. అలిసిపోయిన, గంతే."

వరండాలోంచి బక్కయ్య కేక వేశాడు. "ఏమే, ముచ్చట్లు జాలు! ఇంటికి పోయి రొట్టె జెయ్యి. సూది వేస్కునే యాల్లయింది."

చుట్టూ ఉన్నవాళ్ళకు ఆయన వివరించి చెబుతున్నాడు, సూది వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదని, అయితే చెమటలు పట్టి ప్రాణం మీదికి వస్తుందని, అప్పుడు చక్కెర నీళ్ళు తాగాలని. వాళ్ళు శ్రద్ధగా వింటున్నారు. కుర్మమ్మ కూడా వింటూ తలూపుతోంది.

చిన్నమ్మ గోలీలు కొంగున ముడేసుకుని ఇంటి దారి పట్టింది.